స్టవ్ పక్కన నెయ్యి డబ్బా

ఢిల్లీలో ఉన్న ఆరేళ్లలో తిండి విషయంలో నేను ఎవరి ముందూ తల దించుకోలేదు, ఒక్కసారి తప్ప. అదీ రెండు రొట్టెల దగ్గర. కృష్ణా జిల్లా నుంచి వచ్చినదాన్ని. ఇంటికొచ్చిన మనిషికి కడుపునిండా పెట్టడం మాకు ఒకరు నేర్పాల్సిన విద్య కాదని నా ధీమా. నాకు నోటి దురుసు ఎక్కువ, గొప్పలు చెప్పుకోవడం ఇంకాస్త ఎక్కువ. ఆ గొప్పలే నన్ను ఇరికించాయి.

అప్పుడు గుర్గావ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుండేదాన్ని. కటవారియా సరాయ్‌లో ఒక గది అద్దెకు తీసుకుని, పొద్దున్నే ఆఫీసు క్యాబ్‌లో వెళ్లి వస్తుండేదాన్ని. మెట్రో ఇంకా మావైపు రాలేదు. ఒక మార్చి నెలాఖరున, యూరప్‌లో ఉన్న మా క్లయింటు తరఫున ఒకావిడ మూడు వారాల పాటు మాకు శిక్షణ ఇవ్వడానికి వస్తోందని చెప్పారు. ఆవిడ వీగన్ అని ముందుగానే ఒక ఈమెయిల్ వచ్చింది. ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. మాంసం, చేపలు, గుడ్లతో పాటు పాలు, పెరుగు, వెన్న, నెయ్యి, జున్ను, తేనె ఏవీ ముట్టదట. మా మేనేజర్ ఆ జాబితా చదివి తల గోక్కుని, నువ్వు శాకాహారివే కదా, ఆవిడ భోజనం సంగతి నువ్వే చూసుకో అన్నాడు. ఈ దేశంలో శాకాహారం పెట్టలేకపోతే ఇంకెక్కడ పెడతారు, నాకు వదిలేయండి అన్నాను. పదిమంది ముందు అన్నాను.

ఆవిడకు యాభై దాటి ఉంటాయి. పొట్టిగా కత్తిరించుకున్న నెరిసిన జుట్టు, భుజానికి గుడ్డసంచీ, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే కళ్లు ఆర్పకుండా వినే అలవాటు. భారతదేశం రావడం మొదటిసారి. ఊళ్లు తిరిగినప్పుడల్లా సగం పూటలు తన సంచీలోని పల్లీలతోనే గడిచిపోతాయని, ఇక్కడ మాత్రం బాగా తినాలని ఆశపడి వచ్చానని మొదటిరోజే చెప్పింది. ఆ మాట వింటే నాకు ఇంకాస్త ఊపు వచ్చింది.

రెండో రోజు మధ్యాహ్నం ఆఫీసుకు దగ్గర్లో ఉన్న ధాబాకు తీసుకెళ్లాను. బోర్డు మీద శుద్ధ శాకాహారం అని ఎర్రక్షరాలతో రాసి ఉంది. యజమాని పెద్దాయన, మాకు బాగా తెలిసినవాడు. అతనికి హిందీలో రెండుసార్లు చెప్పాను, నెయ్యి వద్దు, వెన్న వద్దు, పప్పుకి నూనెతోనే పోపు పెట్టమని. అతను చెయ్యెత్తి, ఠీక్ హై జీ, చింతే లేదు అన్నాడు. రొట్టెలు వచ్చాయి. వీటిలో నెయ్యి ఉందా అని ఆవిడ అడిగింది. లేదు అన్నాను. ఆవిడ పప్పులో అద్దుకుని ఒకటి తింది, బాగుందని రెండోది కూడా తింది. మూడోది వేయించుకుందామని తందూరు వైపు చూసింది. అక్కడ పెద్దాయన తన చేత్తో గరిటె తీసుకుని, గిన్నెలోని నెయ్యి ఆ రొట్టె మీద ఇటు నుంచి అటు దాకా రాస్తున్నాడు.

నేను లేచి వెళ్లి అతని మీద విరుచుకుపడ్డాను. అతను నొచ్చుకున్నాడు గానీ తప్పు చేశానని మాత్రం అనుకోలేదు. నాకేసి జాలిగా చూశాడు.

"మెహమాన్ హై బేటీ," అన్నాడు. "అంత దూరం నుంచి వచ్చినావిడకి సూఖీ రోటీ పెడితే నాకు పాపం కాదా?"

ఎండు రొట్టె పెట్టడం అతని దృష్టిలో అతిథిని అవమానించడం. నేను వద్దన్నది మొహమాటానికి అనుకున్నాడు. మా ఇళ్లలోనూ అంతేగా, వద్దు వద్దంటే ఇంకో గరిటె వేస్తాం. తిరిగి బల్ల దగ్గరికి వస్తే ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కోపం లేదు. అదే నన్ను చంపింది.

"లేదని చెప్పినప్పుడు నీకు తెలిసి చెప్పావా, లేక లేదని అనుకున్నావా?" అని అడిగింది.

అనుకున్నాను అన్నాను. ఆవిడ తలూపింది. పదకొండేళ్ల తర్వాత ఇవాళే నెయ్యి నోట్లో పెట్టుకున్నాను అని మాత్రం అని, నీళ్లు తాగి లేచింది. నాకు తల కొట్టేసినట్టయింది. సారీ అనడం తప్ప ఇంకేమీ చేతకాలేదు.

నాలుగో రోజుకి నా బుర్ర పనిచేసింది. చైత్ర నవరాత్రులు నడుస్తున్నాయి, ఢిల్లీలో సగం మంది ఉపవాసాల్లో ఉన్నారు. వద్దంటే వినరు గానీ వ్రతం అంటే ఎవరైనా వింటారు. ఆవిడను బతిమాలి ఒక మిఠాయి దుకాణం మేడ మీది హోటల్‌కి తీసుకెళ్లి, ఈవిడ వ్రతంలో ఉన్నారు, జాగ్రత్తగా వడ్డించండి అని గంభీరంగా చెప్పాను. వెయిటర్ ఆవిడకేసి భక్తిగా చూసి లోపలికి పరిగెత్తాడు. పది నిమిషాల్లో వ్రతం పళ్లెం వచ్చింది. నేతిలో వేయించిన పూరీలు, పెరుగులో ఉడికిన బంగాళాదుంపలు, మఖానా అనే తామరగింజల పాయసం, పనీరు, పక్కన గ్లాసు నిండా వేడి పాలు. ఈ దేశంలో వ్రతమంటే పాల మీద బతకడమని నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఆ పూట గుర్తు రాలేదంతే.

ఆవిడ పళ్లెం మొత్తం ఒకసారి చూసి, ఇందులో పాలు లేనిది ఏది అని అడిగింది. ఉప్పు అన్నాను. ఆవిడ గట్టిగా నవ్వింది. నేనూ నవ్వాను గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ తర్వాత నా మాట మీద ఆవిడ ఎక్కడికీ రాలేదు. పొద్దునా మధ్యాహ్నం అరటిపళ్లు, పల్లీలు. నేను పలకరిస్తే బాగానే మాట్లాడేది, ఏ వంకా పెట్టేది కాదు. అయినా తన బల్ల మీద అరటితొక్క కనిపించినప్పుడల్లా నాకు ముఖం చెల్లేది కాదు. పాలెందుకు మానేశావని ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. వాళ్ల నాన్నకు పాడిపశువులు ఉండేవట. ఈనిన రెండో రోజే దూడల్ని వేరే కొట్టంలోకి మార్చేసేవాళ్లట. తల్లులు అరుస్తూనే ఉండేవట. చిన్నప్పుడు అది పశువుల చప్పుడు అనుకున్నాను, నలభై ఏళ్లు వచ్చాక ఒకసారి ఊరెళ్లి విన్నప్పుడు అలా అనుకోలేకపోయాను అని చెప్పింది.

అప్పుడు నాలో నేను ఒక పంతం పట్టాను. ఆవిడ వెళ్లేలోగా నేను పెట్టింది ఒక్క పూట ఏమీ అడగకుండా తినాలి. మా మేనేజర్ మెచ్చుకోలు నాకు అక్కర్లేదు. నా మాట చెడిపోయింది, అది నాకు తిరిగి కావాలి.

ఆ ఆదివారం మా ఆంటీ ఇంట్లో భోజనానికి కూర్చున్నాను. ఆంటీ అంటే బంధువు కాదు. కరీంనగర్ వైపు మనిషి. భర్త కేంద్ర ప్రభుత్వంలో ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో ఉన్నారు. ఆయన రిటైరయ్యాక కటవారియా సరాయ్‌లో రెండు గదులు తీసుకుని, పరీక్షలకు చదువుకునే మన తెలుగు పిల్లలకు ఆవిడ మెస్ నడిపేది. నాలాంటి ఉద్యోగస్తులం కూడా ఆదివారాలు అక్కడే వాలేవాళ్లం. ఆంటీ స్టవ్ పక్కన గట్టు మీద ఒక స్టీలు నెయ్యి డబ్బా ఎప్పుడూ ఉండేది. అన్నంలో పప్పు పడిందంటే చాలు, ఆ డబ్బా దానంతటదే వచ్చినట్టు వచ్చేది. ఆ రోజు కూడా వచ్చింది. నేను కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి, ఇక ఆపుకోలేక ఏడ్చేశాను.

ఆంటీ బెదిరిపోయి డబ్బా కింద పెట్టింది. జరిగిందంతా చెప్పాను. మొదట ఆవిడకు అర్థం కాలేదు. డాక్టరు వద్దన్నాడా, షుగరా, ఒంటికి పడదా అని అడిగింది. దూడల సంగతి చెప్పాను. ఆంటీ డబ్బాకి మూత పెట్టి నా పక్కన చతికిలబడింది. తర్వాత వాళ్ల అమ్మగారింటి బర్రె సంగతి చెప్పింది. ఒకసారి దాని దుడ్డె చనిపోతే, తల్లి పాలు చేపడం లేదని, ఆ దుడ్డె తోలులో గడ్డి కుక్కి కుట్టి ముందు నిలబెట్టారట. బర్రె దాన్ని నాకుతూ పాలిచ్చిందట. అప్పుడు ఆంటీకి ఎనిమిదేళ్లు.

"నాలుగు దినాలు నేను పాలు ముట్టలే బిడ్డా," అంది. "దాన్ని మోసం జేసినమని నాకు మస్తు ఏడుపొచ్చింది. ఎవ్వరికి చెప్పలే. నాలుగు దినాలకు మర్శిపోయిన. ఆమె మర్శిపోలే, గంతే."

తర్వాత లేచి, నెయ్యి డబ్బా పట్టుకెళ్లి పక్కగదిలో బీరువా మీద పెట్టి వచ్చింది. రేపటి నుంచి ఆమెకు అన్నం డబ్బా నేను కడత, నువ్వు పట్టుకపో అంది. నెయ్యి అంత దూరంలో ఎందుకు ఆంటీ, వేయకుండా ఉంటే చాలదా అన్నాను. నా చెయ్యి ఊకోదు బిడ్డా, దాన్ని నేను నమ్మ అంది.

సోమవారం నుంచి ఆరింటికల్లా ఆంటీ వంటింట్లో హాజరయ్యేదాన్ని. నిద్ర సగమే అయ్యేది, అయినా స్టవ్ పక్కనే నిలబడేదాన్ని. అనుకున్నాను అని ఇంకోసారి చెప్పే పని పెట్టుకోదలచుకోలేదు. ఆంటీ స్నానం చేసి, గిన్నెలన్నీ మళ్లీ కడిగి, మెస్ వంట మొదలుపెట్టకముందే మా క్లయింటావిడ డబ్బాకి వండేది. దేవుడికి నైవేద్యం వండినట్టే, ఆ వంట అయ్యేదాకా వేరే గరిటె అందులో పెట్టనిచ్చేది కాదు. మొదటిరోజు జొన్నరొట్టెలు చేసింది. ఊరి నుంచి తెచ్చుకున్న పిండిని వేడినీళ్లతో కలిపి, పీట మీద అరచేత్తో తట్టి, పెనం మీద తడిబట్ట అద్ది కాల్చింది. నెయ్యి అడగని రొట్టె ఒకటి మన దగ్గరే ఉందని నాకు అప్పటిదాకా తట్టనే లేదు. రొట్టెల దగ్గర పోయిన పరువు రొట్టెలతోనే తిరిగి వస్తుందని నాకు ఆ క్షణాన గట్టి నమ్మకం కుదిరింది.

ఆవిడ బల్ల మీద డబ్బా విప్పాను. జొన్నరొట్టెలు, నువ్వుల నూనెతో పోపు పెట్టిన గోంగూర పప్పు, బెండకాయ వేపుడు, పల్లీల పచ్చడి. ఆవిడ ఒక్కొక్కటీ వేలితో చూపిస్తూ ప్రతిదాని గురించీ అడిగింది. చివరికి నాకేసి చూసింది.

"తెలుసా, అనుకుంటున్నావా?"

"తెలుసు," అన్నాను. "పొయ్యి పక్కన నిలబడి చూశాను."

ఆవిడ తింది. పల్లీల పచ్చడి గిన్నెను రొట్టెముక్కతో తుడిచి మరీ తింది. కారానికి ముక్కు ఎర్రబడింది, కళ్లు తుడుచుకుంటూనే తింది. నేను పక్క సీటులో కూర్చుని కంప్యూటర్ తెర చూస్తున్నట్టు నటిస్తూ, లోలోపల గంతులు వేస్తున్నాను.

రోజూ ఒక డబ్బా. సర్వపిండి పట్టుకెళ్లిన రోజు మా జట్టులో వాళ్లు చుట్టూ మూగితే ఆవిడ మూత పెట్టేసుకుంది. పులిహోర రోజున, వాళ్ల ఊరెళ్లాక తానే చేసుకుంటానని అందులో వేసిన పొడి ఏమిటో అడిగి రాసుకుంది. పచ్చిపులుసు సీసాలో తెస్తే గ్లాసులో పోసుకుని తాగేసింది. ఆవిడ ప్రశ్నలు నేను లెక్కపెట్టేదాన్ని. మొదటిరోజు ప్రతి గిన్నెకీ ఒకటి, వారం తిరిగేసరికి మొత్తం మీద రెండు, తర్వాత ఒకటే ఒకటి, ఆ తెలుసా అనేది. అది మాత్రం ఏ రోజూ మానలేదు. నేను ఏ రోజూ ఆరింటికి వంటింటికి వెళ్లడం మానలేదు. అరటిపళ్లు కొనడం మాత్రం ఆవిడ మానేసింది.

వెళ్లేముందు శనివారం ఆంటీని చూడాలని ఆవిడే అడిగింది. గుర్గావ్ నుంచి ట్యాక్సీలో తీసుకొచ్చాను. సందు మొదట్లో దిగి, వేలాడుతున్న కరెంటు తీగల కింద నుంచి, కోచింగ్ సెంటర్ల కరపత్రాలు అంటించిన గోడల పక్కగా నడిపించుకుంటూ వెళ్లాను. ఏప్రిల్ ఎండ మాడుస్తోంది. గుమ్మంలో ఆంటీ కొత్త చీర కట్టుకుని నిలబడి ఉంది. ఆవిడకు తెలుగు రాదు, ఆంటీకి ఇంగ్లీషు రాదు. ఆంటీ కాళ్లకు నీళ్లిచ్చి, చెయ్యి పట్టుకుని నేరుగా వంటింట్లోకి తీసుకెళ్లింది. స్టవ్ పక్కన గట్టు చూపించింది. అక్కడ ఏళ్ల తరబడి నెయ్యి డబ్బా ఉన్నచోట గుండ్రటి మరక ఒకటి మిగిలి ఉంది. ఆంటీ ఆ మరక మీద వేలు పెట్టి, తర్వాత ఆ వేలు పై అంతస్తు వైపు చూపించింది. డబ్బాను మేడ మీద ఇంటావిడకు ఇచ్చేశానని, ఇవాళ ఈ ఇంట్లో ఎవరి కంచంలోనూ నెయ్యి లేదని, ఆవిడతో కూర్చుని తాను కూడా అదే తింటానని నాతో చెప్పించింది. ఆవిడ ఆ మరకను చాలాసేపు చూసింది.

చాప మీద ముగ్గురం కూర్చున్నాం. ఆ రోజు నేను పొద్దున్నే రాలేదు, ఆవిడను తీసుకురావడానికి వెళ్లాను. వంట ఎలా జరిగిందో నేను చూడలేదు. ఆవిడ తెలుసా అని అడిగితే ఏం చెప్పాలా అని నాకు ఒకటే కంగారు. నమ్ముతున్నాను అంటే అది మళ్లీ ఆ అనుకున్నాను అన్న మాట కిందికే వస్తుంది. ఆంటీ పప్పు వడ్డించింది, ఆవిడ తినేసింది. చింతచిగురు కూర, దోసకాయ పచ్చడి, తినేసింది. నన్ను ఏమీ అడగలేదు. వాటిలో భయపడాల్సింది ఏదీ లేదులే, అందుకే అడగలేదనుకున్నాను.

చివర్లో ఆంటీ లోపలికెళ్లి మూడు స్టీలు గ్లాసులు తెచ్చింది. ఆవిడ ముందు పెట్టిన గ్లాసులోకి చూశాను. తెల్లగా ఉంది. పైన అల్లం ముక్కలు, పచ్చిమిరపకాయ, కరివేపాకు తేలుతున్నాయి. ఆ ఇంట్లో మజ్జిగ పడకుండా ఎవరూ భోజనం ముగించి లేవడం నేను చూడలేదు. ఎండలో వచ్చిన మనిషికి చల్లటి మజ్జిగ ఇవ్వకుండా ఆంటీ చెయ్యి ఊరుకోలేదు, అంతే. నెయ్యిని మేడ ఎక్కించింది గానీ పెరుగు సంగతి మర్చిపోయింది. ధాబా పెద్దాయన చేసిన పనే ఈవిడా చేసింది. పన్నెండు రోజులుగా తెల్లవారుజామున లేచి కష్టపడి తిరిగి తెచ్చుకున్న నా మాట, గ్లాసుడు మజ్జిగలో కలిసిపోతోంది.

"ఆంటీ, అదీ..." అని నేను నోరు తెరిచేసరికి ఆవిడ గ్లాసు అందుకుంది. నాకేసి చూడలేదు. ఆంటీకేసి చూసింది. ఆ చూపులో ప్రశ్న లేదు. గ్లాసు ఎత్తి, ఆగకుండా సగం దాకా తాగేసింది.

అప్పుడు నాకు వాసన తగిలింది. కొబ్బరి. నా గ్లాసు అందుకుని తాగాను. చిక్కటి కొబ్బరిపాలు, నిమ్మకాయ పులుపు, ఉప్పు, అల్లం. ముందురోజు ఆర్.కె. పురం గుడిలో కొట్టించిన కొబ్బరికాయలు తురిమి, పాలు పిండి, ఆ పొద్దునంతా ఆంటీ చేసిన మజ్జిగ అది. మజ్జిగ లేకుండా మనిషిని లేపలేక, మజ్జిగ పోయలేక, ఆవిడ తనంతట తాను కనిపెట్టుకున్న దారి అది. ఎవరూ చెప్పలేదు, నేను కూడా.

ఆంటీ నా ముఖం చూస్తూనే ఉంది. నేను ఏం అడగబోయానో ఆవిడకు తెలిసిపోయింది.

"రెండు వారాల సంది నా పొయ్యి కాడనే నిలవడ్డవు గద బిడ్డా," అంది. "నా మీదనే అనుమానమా?"

ఏమంటోంది అని ఆవిడ నన్ను అడిగింది. సిగ్గుపడుతూనే చెప్పాను, నేను మజ్జిగనుకుని భయపడ్డానని కూడా చెప్పాను. ఆవిడ నవ్వుతూ గ్లాసు ఖాళీ చేసి, ఇంకొంచెం పొయ్యమని ఆంటీ ముందుకు చాపింది. ఆంటీ ఆ గ్లాసు నింపింది, పొంగేదాకా నింపింది, నింపుతున్నంతసేపూ నన్ను తిడుతూనే ఉంది. ఇంత చదువుకున్నదానివి, దేశం కాని దేశం నుంచి వచ్చినామెకు ఉన్నపాటి నమ్మకం నీకు లేకపాయె అంది. నేను తల దించుకుని, నా గ్లాసులో మిగిలింది తాగుతూ, మూతి తుడుచుకుంటూ, ఆపుకోలేక నవ్వుతున్నాను. అంత సంతోషంగా నేను ఎవరిచేతా చీవాట్లు తినలేదు. ఆ పూట మా ముగ్గురిలో అడగబోయింది నేనొక్కదాన్నే.